వరండాలో నడుముల పరీక్ష

ఫిజియోథెరపీ చదివే పిల్లలు మొన్న నన్ను వాళ్ల కాలేజీకి పిలిచారు. మాటల మధ్యలో ఒకమ్మాయి, "మీ సర్వీసులో మీరు ఏదైనా పరిశోధన చేశారా అమ్మా?" అని అడిగింది. అడుగుతూనే నవ్వింది. సూదులిచ్చి, కట్లు కట్టి రిటైరైన నర్సుకు పరిశోధనేమిటని ఆ నవ్వుకు అర్థం కావచ్చు. చేశానని చెప్పాను. అప్పుడు టైము లేక పూర్తిగా చెప్పలేకపోయాను. ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. నేను బెల్లంపల్లికి కొంత దూరంలో ఒక బొగ్గుబాయి దగ్గరున్న చిన్న దవాఖానలో స్టాఫ్ నర్సును. మాది మంథని వైపు. మా ఇంట్లో ఆడపిల్ల హైదరాబాదు వెళ్లి నర్సింగు చదవడమే పెద్ద గొడవ. చదివి వచ్చి బొగ్గుబాయి దగ్గర ఉద్యోగం అంటే బాపు నెల రోజులు నాతో మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ ఊరు మొదటి రోజే నచ్చింది. అక్కడ ఎవరూ ఎవరి ఇంటిపేరూ అడగరు. మహారాష్ట్ర చాందా నుంచి వచ్చినవాళ్లు, కరీంనగర్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు, ఇంకా దూరం నుంచి వచ్చినవాళ్లు ఒకే వరస క్వార్టర్లలో ఉండేవాళ్లు. "ఏ షిఫ్టు?" అని అడిగితే చాలు, పరిచయం అయిపోయినట్టే.

ఆ ఊళ్లో అందరికీ ఉన్న ఆస్తి నడుంనొప్పి. బాయిలో కప్పు తక్కువ ఎత్తున ఉండేది. మనిషి వంగే నడవాలి, వంగే పారతో బొగ్గెత్తి పట్టాల మీది టబ్బుల్లో పోయాలి. నాలుగైదేళ్లు ఆ పని చేసినవాడు బయటికొచ్చినా సగం వంగే నడిచేవాడు. మేం నొప్పి గోలీలిచ్చేవాళ్లం, పడుకొమ్మనేవాళ్లం. వాళ్లు గోలీలు తీసుకుని, మా గేటు దాటి, నేరుగా పహిల్వాన్ దగ్గరికి పోయేవాళ్లు.

పహిల్వాన్ హైదరాబాదు తాలీంలో కుస్తీ నేర్చుకున్న మనిషి. నిజాం రోజుల్లో పేరున్నవాడే. రాజ్యం మారాక కుస్తీలు చూసే దొరలూ, పోషించే నవాబులూ పోయారు. బంధువెవరో బాయిలో ఉంటే ఇటు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పొద్దున పిల్లలకు కుస్తీ నేర్పేవాడు. ఆదివారం నడుములు చూసేవాడు. మనిషిని చాప మీద పడుకోబెట్టి, నువ్వులనూనె రాసి, వెన్నుపూసల పక్కనుంచి బొటనవేళ్లతో కిందికి దిగి, ఒక్కచోట ఆగి, భుజం ఇటు, తొంటి అటు తిప్పేవాడు. టక్కుమని చప్పుడు. పడుకున్నవాడు "హమ్మ" అనేవాడు. లేచి నిలబడి రెండడుగులేసి నవ్వేవాడు. ఆ నవ్వు మా గోలీలతో రాదు. నేను రెండుసార్లు దారిన పోతూ చూశాను.

మా డాక్టరుగారిది గుంటూరు వైపు. విశాఖపట్నంలో చదువుకుని కొత్తగా వచ్చిన యువకుడు. పహిల్వాన్ పేరెత్తితే మండిపడేవాడు. "మెడ విరిగి ఎవడో చచ్చిపోతాడు సిస్టర్, అప్పుడు తెలుస్తుంది వీళ్లకి" అనేవాడు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం ఏదో విదేశీ పత్రిక చేతిలో పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"అమెరికాలో కైరోప్రాక్టర్లని ఉన్నారంట సిస్టర్. వెన్నెముకని చేత్తో సరిచేస్తారు. నడుమే కాదు, వెన్ను సరిగ్గా ఉంటే నిద్ర, ఆకలి, చెవులు, మనసు, అన్నీ బాగుపడతాయని వాళ్ల వాదన. డాక్టర్లేమో అంతా బూటకం అంటారు. ఇద్దరూ కొట్టుకుంటున్నారు గానీ సరిగ్గా పరీక్షించి చూసినవాళ్లు తక్కువ."

"అయితే?"

"మనకీ ఒకడున్నాడుగా. తిట్టడం మానేసి చూద్దాం."

ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే. కోపాన్ని ప్రశ్నగా మార్చుకోవడం చదువుకున్నవాళ్లలో కూడా అందరికీ రాదు.

పహిల్వాన్‌ను పిలిచే పని నాకు పడింది. వెళ్లేసరికి ఆయన గుమ్మంలో కూర్చుని మీసానికి నూనె రాసుకుంటున్నాడు. నేను సంగతంతా చెప్పాను.

"ఏందది? ఖైరాత్ ప్రాక్టీసా?" అన్నాడు.

"కైరోప్రాక్టిక్ సాబ్."

"అదే. నేను గూడ ఖైరాత్‌గనే జేస్తున్న గద. ఎవ్వని దగ్గర పైస దీస్కోలే." కాసేపు తనలో తనే నవ్వుకుని, ముఖం గంభీరంగా పెట్టాడు. "అంటే నన్ను పరీక్ష పెడ్తరన్నట్టు."

"మిమ్మల్నొక్కరినే కాదు సాబ్. మా గోలీలను గూడ పెడ్తున్నం. ఇద్దర్ల ఎవలది నయమో చూస్తం."

"నడుం సక్కగుంటె మనిషి సక్కగుంటడు. నిద్ర వస్తది, కడుపు నిండ తింటడు, పెండ్లాం మీద ఒర్రడు. గది గూడ రాస్తరా?"

"గదే రాస్తం. ఇంటింటికి పోయి అడుగుత."

ఆ మాట ఆయనకు నచ్చింది. ఒక్క షరతు పెట్టాడు. తను పనిచేసేటప్పుడు డాక్టరు నిలబడి చూడకూడదు. నిలబడి చూసేది పోలీసోళ్లు. కుర్చీ వేసుకుని కూర్చుని చూడాలి. డాక్టరుగారు ఒప్పుకున్నాడు. దవాఖాన వరండాలో చాప పరిచాం, పక్కన కుర్చీ వేశాం.

పద్ధతి ఇది. నడుంనొప్పితో వచ్చినవాణ్ని ముందు డాక్టరు చూస్తాడు. జ్వరమున్నా, కాళ్లలో బలం తగ్గినా, బాయిలో పడి దెబ్బతగిలినా వాళ్లు ఈ లెక్కలోకి రారు. మిగిలినవాళ్లలో సగంమంది పహిల్వాన్‌కు, సగంమంది మా గోలీలకు. ఎవరు ఎటు పోవాలో మేం నిర్ణయించకూడదు, వాళ్లూ నిర్ణయించుకోకూడదు. ఒక కుండలో చింతగింజలు, చిక్కుడుగింజలు కలిపి పెట్టాడు డాక్టరు. చూడకుండా చెయ్యి పెట్టి తీయాలి. చింతగింజ వస్తే పహిల్వాన్, చిక్కుడుగింజ వస్తే గోలీలు.

మొదటి వారం వచ్చిన ప్రతివాడికీ చింతగింజే వచ్చింది. డాక్టరు ఆశ్చర్యపడి, ఇది గణితానికే విరుద్ధం అన్నాడు. నాకు నవ్వొచ్చింది. చిమ్మచీకట్లో తడిమి పనిచేసే మనుషులు వాళ్లు. గింజ పలకగా ఉందో, కోలగా ఉందో వాళ్ల వేళ్లకు తెలియదా? మర్నాటి నుంచి ఒకే తీరు కాగితాలు మడిచి చిట్టీలు వేశాను. అప్పుడు సగం సగం అయ్యారు. గోలీల చిట్టీ వచ్చినవాడు నన్ను చూసే చూపు మాత్రం శత్రువును చూసినట్టుండేది.

నా అసలు పని సాయంత్రాలు మొదలయ్యేది. క్వార్టర్లకు వెళ్లి అడిగేదాన్ని. నాలుగు ఇళ్లు తిరగ్గానే ఒకటి అర్థమైంది. మగవాళ్లను అడిగి లాభం లేదు. పహిల్వాన్ వైపు పోయినవాళ్లు ఆయన మీది గౌరవంతో అంతా బాగుందనేవాళ్లు. గోలీల వాళ్లు ఈసారైనా అటు మారుస్తామేమోనని మూలిగేవాళ్లు. బొగ్గును మందుపెట్టి పేల్చే పనిలో చెవులు దెబ్బతిన్న ఒకాయన, పహిల్వాన్ తిప్పాక చెవులు బ్రహ్మాండంగా వినపడుతున్నాయన్నాడు. "మీ ఊరేది?" అని అడిగితే "మంచిగున్నదమ్మా, మంచిగున్నది" అని తలూపాడు.

అందుకని ఆడవాళ్లను అడగడం మొదలుపెట్టాను. అదీ, నొప్పి ఎలా ఉంది అని కాదు. నీళ్లెవరు తోడుతున్నరు? కింద కూర్చుని తింటుండా? బిడ్డను ఎత్తుకుంటుండా? రాత్రి ఎన్నిసార్లు లేస్తుండు? ఇలాంటివి.

చాందా వైపు నుంచి వచ్చిన ఒకామె జొన్నరొట్టె కొడుతూ చెప్పిన మాట ఇప్పటికీ గుర్తు. "నడుం సంగతి నాకేం ఎరుక సిస్టరమ్మా. నిన్న పొద్దుగాల చాయ్ తాగుకుంట, రాత్రి ఏం కల వచ్చిందో చెప్పిండు. పెండ్లయి పదేండ్లాయె. ఆయినెకు కలలొస్తయని నాకు నిన్ననే తెల్సింది."

అది డాక్టరుకు చెబితే ఏ గడిలో రాయాలో తెలియక చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

రెండు నెలలయ్యేసరికి తేడా స్పష్టంగా కనబడింది. పహిల్వాన్ చేతికింద పోయినవాళ్లు తొందరగా లేచారు, బాగా నిద్రపోయారు, ఇంట్లో బాగున్నారు. గోలీల వాళ్లు వెనకబడ్డారు. పహిల్వాన్ మీసం ఇంకొంచెం పైకి లేచింది. డాక్టరు నిజాయితీగా, "ఒప్పుకోవాల్సిందే" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. వరండాలో నేను ప్రతి ఆదివారం చూస్తున్నది వేరు. పహిల్వాన్ ఒక్కో మనిషి దగ్గర ఎంతసేపు కూర్చునేవాడనుకున్నారు? తిప్పేది చిటికెలో అయిపోతుంది. దానికి ముందు నూనె రాస్తూ, వాడి ఊరు, వాడి అవ్వ, వాడి షిఫ్టు, పని చేయించే సర్దారుతో తగాదా, అన్నీ వినేవాడు. గోలీల వాళ్లకు మేమిచ్చేది కిటికీలోంచి ఒక పొట్లం. ముఖం కూడా సరిగ్గా కనబడదు.

"డాక్టరుగారూ, ఇది సమానమైన పోటీ కాదు. ఆయన చేతుల్ల గుణమున్నదా, ఆయన కూసోని మాట్లాడుడుల గుణమున్నదా, మనకు తెల్వది. మన గోలీల దిక్కు గూడ ఒకరు కూసోవాలె."

"ఎవరు కూర్చుంటారు?"

"నేను."

ఆ రోజు నుంచి మా గుంపు వాళ్లకు కిటికీలోంచి పొట్లం ఇవ్వడం బందు. గోలీలిచ్చి, లోపల బల్ల మీద పడుకోబెట్టి, వేడినీళ్ల కాపడం పెడుతూ, పక్కన కూర్చునేదాన్ని. వెన్ను తిప్పేది లేదు, నొక్కేది లేదు. వాళ్లు చెప్పింది వినడమే. మొదట్లో సిగ్గుపడేవాళ్లు. తర్వాత ఆపడం కష్టమైంది. ఒకతను తన బర్రె ఈనిన కథ రెండు పూటలు చెప్పాడు.

పహిల్వాన్ వరండాలోంచి తొంగి చూసి, "నువ్వు గూడ దుకాణం తెరిచినవా బేటీ?" అన్నాడు. కోపంగానే అన్నాడు. తర్వాత నెలలో రెండు గుంపుల మధ్య దూరం తగ్గుతూ వచ్చింది. నొప్పి తొందరగా తగ్గడంలో ఇప్పటికీ ఆయనదే పైచేయి. నిద్రలో, ఆకలిలో, ఇంట్లో మాటల్లో మాత్రం ఇంచుమించు ఒకటే. వినడంలోనే ఆ గుణముందని కనిపెట్టింది నేనే అని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఈలోగా సంగతి మేనేజరు చెవిన పడింది. మనుషుల నిద్రా ఆకలీ ఆయనకు అక్కర్లేకపోయాయి. నడుంనొప్పి సెలవులు తగ్గుతాయన్న ఒక్క ముక్క పట్టింది. ఒక ఆదివారం, కంపెనీ పెద్దాఫీసు నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వరండాకు వచ్చాడు. ఆ రోజు డాక్టరు కేసు ఒకటి తీసుకుని మంచిర్యాల వెళ్లాడు. పహిల్వాన్ కొత్త లుంగీ కట్టుకుని వచ్చాడు. చుట్టూ జనం.

సరిగ్గా అప్పుడు ఒక మనిషి భార్య భుజం పట్టుకుని వచ్చాడు. బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అతనిది. ఒకప్పుడు పహిల్వాన్ దగ్గర కుస్తీ నేర్చుకున్న శిష్యుడు. పహిల్వాన్ ముఖం వెలిగిపోయింది. పెద్దమనుషుల ముందు తన శిష్యుణ్నే నిలబెట్టవచ్చు.

"వీడు నా శాగిర్దు సాబ్. ఎద్దులెక్క ఉంటుండె. రారా, పండుకో."

అతని భుజం మీది తువ్వాలు కింద పడింది. దాన్ని తీసుకోవడానికి అతను వంగలేదు. వీపు కర్రలా నిలబెట్టి, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, నిలువునా కిందికి దిగి తీసుకున్నాడు. బాయివాళ్ల నడుంనొప్పి నేను వందలసార్లు చూశాను. వాళ్లు ఓ పక్కకు వంగుతారు, మూలుగుతూ అయినా వంగుతారు. ఇలా దిగరు. ఇలా దిగేవాళ్లను నేను హైదరాబాదులో ట్రైనింగులో ఒకే వార్డులో చూశాను. అది వెన్నుకు క్షయ పట్టినవాళ్ల వార్డు.

భార్యను పక్కకు పిలిచి అడిగాను. "పొద్దుమీకి జరం వస్తున్నదా?"

"సన్నగ వస్తది. తెల్లారితె ఉండది."

"చిక్కిండా?"

"దోతి నిలుస్తలేదు సిస్టరమ్మా. నడిస్తె చెప్పు గూడ ఊడిపోతున్నది, కాలు ఈడుస్తుండు."

అప్పటికే అతను చాప మీద బోర్లా పడుకున్నాడు. పహిల్వాన్ చేతులకు నూనె రాసుకుంటున్నాడు. నేను వెళ్లి చాపకూ ఆయనకూ మధ్య నిలబడ్డాను.

"సాబ్, ఇతన్ని ముట్టుకోవద్దు."

జనం గుసగుసలాడారు. పహిల్వాన్ నవ్వు ముఖంతోనే, "నా శాగిర్దు బేటీ. వీని ఒళ్లు నాకు తెల్వదా?" అన్నాడు.

"మీకు తెల్సిన ఒళ్లు పోయినేడుది."

మేనేజరు వాచీ చూసుకున్నాడు. "సిస్టర్, వీళ్లు చాలా దూరం నుంచి వచ్చారు. ఒక్కసారి చేసి చూపించనివ్వండి. ఏమవుతుంది?"

"కాళ్లు పోతయి సార్. డాక్టరు చూడంది ఎవ్వరినీ చాప మీద పండుకోబెట్టొద్దని రూలు."

"మీరు డాక్టరా?"

"కాదు సార్. డాక్టరు లేరు కాబట్టే ఆపుతున్న."

నేను కదల్లేదు. ఉద్యోగం పోతుందేమో అన్న ఆలోచన రాలేదని చెప్పను, వచ్చింది. కానీ ఆ మనిషి కాళ్లు నా కళ్ల ముందున్నాయి. ఎడమపాదం ఒరిగిపోయి ఉంది, నిద్రపోయే పిల్లాడి పాదంలా. నాకు అనుమానం లేదు.

పహిల్వాన్ ముఖం ఎర్రబడింది. అంత జనంలో, అంత పెద్దవాళ్ల ముందు, ఒక ఆడమనిషి ఆయన చేతికి అడ్డం పడటం అదే మొదటిసారి అయి ఉంటుంది. నేను గొంతు తగ్గించాను. ఆయనకు మాత్రమే వినబడేలా అన్నాను. "నా మాట ఇనకుండ్రి. మీ చెయ్యి మాట ఇనుండ్రి. ఒత్తకుండ, ఊకె పెట్టి చూడుండ్రి."

ఆయన కూర్చున్నాడు. అరచెయ్యి మెడ కింద పెట్టి, మెల్లగా కిందికి జరిపాడు. వీపు మధ్యకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడ ఒక వెన్నుపూస వేలి మెటికలా పైకి పొడుచుకొచ్చి ఉంది. పడుకున్న మనిషి పళ్లు బిగించాడు. పహిల్వాన్ చెయ్యి తీసి, పక్కనున్న గుడ్డతో నూనె తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. తర్వాత లేచి మేనేజరుతో అన్నాడు.

"ఇయ్యాల ఇక్కడ తమాష లేదు సాబ్. స్ట్రెచర్ కావాలె."

సాయంత్రం డాక్టరు వచ్చి చూసి, ఆ రాత్రి రైలుకే హైదరాబాదు పంపించాడు. పహిల్వాన్ స్టేషను దాకా స్ట్రెచర్ ఒక చివర పట్టుకుని నడిచాడు. హైదరాబాదులో ఎక్స్‌రే తీశారు. మేమనుకున్నదే. ఆ వెన్నును ఒక్కసారి మెలితిప్పి ఉంటే నడుం కింద ఇక ఏమీ పనిచేసేది కాదని అక్కడి పెద్దడాక్టరు మా డాక్టరుకు చెప్పాడట.

ఆ తర్వాతి ఆదివారం పహిల్వాన్ రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. ఇంటి దగ్గర కూడా ఎవరినీ చూడటం లేదు. జనానికి నా మీద కోపం వచ్చింది. "నీ మూలంగనే పహిల్వాన్ పని బందు వెట్టిండు సిస్టరమ్మా, మా నడుములు నువ్వు తిప్పుతవా?" అని ముఖం మీదే అడిగారు. నేను మళ్లీ ఆయన గుమ్మానికి వెళ్లాను.

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నూనె గిన్నె ఎక్కడా కనబడలేదు.

"ఎన్నేండ్ల నుంచి జేస్తున్న బేటీ ఈ పని. ఇట్లాంటోళ్లు ఎంతమంది వచ్చిండ్రో నా చేతులకిందికి. పోయి మళ్ల రానోళ్లున్నరు. మంచిగయింది గావచ్చు, అందుకే రాలే అనుకున్న." అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "అయిందా?"

ఆ ప్రశ్నకు తియ్యటి జవాబు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

"నాకు తెల్వది సాబ్. మీకు గూడ ఎన్నడు తెల్వది. కని రేపటి నుంచి వచ్చేటోళ్ల సంగతి తెల్సుకోవచ్చు. నాలుగు మాటలు అడుగుండ్రి. జరం ఉన్నదా, చిక్కిండా, కాలు ఈడుస్తుండా, ఒంటికి రెంటికి పోవుడుల తేడా ఉన్నదా. ఒక్కటి అవునన్నా డాక్టరు దగ్గరికి. మిగిలినోళ్లకు మీ చేతులు కావాలె. మీరు చేసింది ఉత్తది కాదు. ఇంటింటికి తిరిగి అడిగిన దాన్ని, నాకెరుక."

"నిజంగ అంటున్నవా? నా దిల్ కోసం అంటున్నవా?"

"చెవులు బాగుచేసే మీ విద్య మాత్రం ఉత్తదే సాబ్. అది గూడ నిజంగనే అంటున్న."

అప్పుడు నవ్వాడు. ఆ తర్వాతి ఆదివారం చాప పరిచినప్పుడు, మొదటి మనిషిని పడుకోబెట్టకుండా ఎదురుగా కూర్చోబెట్టుకుని, "జరం వస్తదారా?" అని అడిగాడు.

మా పరీక్ష ఆ ఏడాది వానలు మొదలయ్యేదాకా నడిచింది. చివర్లో మేనేజరు గదిలో డాక్టరు అంతా చదివాడు. నేనూ ఉన్నాను. మేనేజరు మధ్యలోనే ఆపి, "ఒక్క మాటలో చెప్పండి డాక్టర్. పనిచేస్తుందా లేదా?" అన్నాడు.

"ఒక్క మాటలో ఉంటే ఒక్క మాటే రాసేవాణ్ని సార్. నడుంనొప్పి మొదటి వారాల్లో మా మందుకంటే పహిల్వాన్ చెయ్యి మెరుగు. రెండు మూడు నెలలకు ఇద్దరూ సమానం. చెవులు, అరుగుదల, ఇంకేవేవో బాగుపడతాయన్నది మాకు కనబడలేదు. నిద్రా మనసూ బాగుపడ్డాయి, కానీ అవి మా వైపూ బాగుపడ్డాయి, పక్కన కూర్చుని వినే మనిషి దొరికాక. చూడకుండా ఎవర్ని పడితే వాళ్లను తిప్పితే ప్రాణం మీదికొస్తుంది."

"సరే, మొదటి వారాల్లో మెరుగు. అంటే మనిషి వారంలో పనిలోకి రావచ్చు."

డాక్టరు నా వైపు చూశాడు. నేను చెప్పాను. "రావచ్చు సార్. వచ్చిన రోజే పార చేతికిస్తే మళ్ల నెలకు మా చాప మీదనే ఉంటడు. అట్ల తిరిగొచ్చినోళ్లు రెండు దిక్కుల ఉన్నరు. నాలుగు రోజులు తేలికపని ఇయ్యుండ్రి. దీపాల గది ఉన్నది, స్టోరు ఉన్నది."

మేనేజరుకు అది రుచించలేదు. పహిల్వాన్‌కు దవాఖానలో మాలిష్ పని అని ఒక చిన్న ఉద్యోగం ఇవ్వడానికి వెంటనే ఒప్పుకున్నాడు. తేలికపని సంగతి మాత్రం యూనియన్ వాళ్లు పట్టుకుని లాగితే గాని రాలేదు. వచ్చినా అందరికీ రాలేదు. అయినా వచ్చింది.

డాక్టరు దాన్ని వ్యాసంగా రాసి ఒక వైద్యపత్రికకు పంపాడు. మనుషుల సంఖ్య చాలదని, వైద్యం చేసినవాడు కుస్తీ మల్లుడని, వేసుకోలేమని తిప్పి పంపారు. డాక్టరు రెండు రోజులు ఉడికిపోయాడు. వాళ్లు చెప్పింది పూర్తిగా తప్పు కాదని నేనన్నాను. మా వాళ్లు నిజంగానే కొద్దిమంది. చిట్టీలు వేసేవరకు మా కుండే మమ్మల్ని మోసం చేసింది. చికిత్స చేసేవాడెవరో రోగికి తెలుసు, అడిగేదెవరో కూడా తెలుసు. మీరు ఇప్పుడు చేస్తే ఇంకా బాగా చేస్తారు. చేయండి. చేసేటప్పుడు గోలీల గుంపును కిటికీ దగ్గర నిలబెట్టకండి, అంతే నేను కోరేది.

తర్వాతి ఏడు దుంగల పని చేసే ఆ మనిషి హైదరాబాదు నుంచి వచ్చాడు. నెలలకొద్దీ పిండికట్టులో పడుకుని, సూదులు పొడిపించుకుని, చొక్కా కింద ఒక తోలు పట్టా కట్టుకుని వచ్చాడు. స్టేషనులో అతని భార్య, నేను, పహిల్వాన్ ఉన్నాం. పహిల్వాన్ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసినవాడు కనబడితే పక్కటెముకలు విరిగేలా కౌగిలించుకుంటాడు. ఆ రోజు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగుల దూరంలో ఆగిపోయాడు.

శిష్యుడు రైలుపెట్టె మెట్లు దిగాడు. కర్ర ఉంది గాని, రెండు పాదాలూ నేల మీద సమంగా పడ్డాయి. నేరుగా గురువు దగ్గరికి వచ్చి తనే చేతులు చాపాడు.

"జర ఆగురా," అన్నాడు పహిల్వాన్. "సిస్టరమ్మా, పట్టుకోవచ్చునా?"

"పట్టుకోండ్రి సాబ్."

ఆయన పట్టుకున్నాడు. అప్పటికి నేనాయన చేతులను చాలా నెలలుగా చూస్తున్నాను. అంత భయంగా ఎవరి వీపు మీదా పడగా చూడలేదు. రైలు కదిలి వెళ్లిపోయాక కూడా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. చివరికి శిష్యుడే, "ఉస్తాద్, ఇడువు, అన్నం దినాలె" అన్నాడు.